పదహారుమందితో రేవు రేవునా

పెళ్ళికి తరలివెళ్ళడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. పదహారుమందిని కాదు, అరవైమందినైనా ఒక్క బస్సులో సర్ది, పులిహోర గిన్నెలతో సహా తెల్లవారేసరికి విడిదిలో దింపగల సమర్థులు మన ఇళ్ళలో ఇంటికొకరుంటారు. దారిలో టైరు పంక్చరైనా, ఎవరో మందులసంచీ మరచిపోయి వెనక్కు పరుగెత్తినా, మగపెళ్ళివారు రాకుండా ముహూర్తం జరగదు గదా అన్న ధీమా ఒకటి ఉంటుంది.

ఓడ దగ్గర ఆ ధీమా చెల్లదు. దానికి బంధుత్వాలు తెలియవు. చెప్పిన వేళకు తాళ్ళు విప్పుకొని కదలిపోతుంది. రేవులో మిగిలినవాళ్ళు తమ ఖర్చుతో తరువాతి ఊరు చేరుకొని, అక్కడ దానిని పట్టుకోవలసిందే.

కనుక పెద్ద కుటుంబంతో విహారనౌక యెక్కదలచినవారికి ఓడలో గడిపే రోజులు ఒక సమస్యే కాదు. తిండి వాళ్ళే పెడతారు, పక్క వాళ్ళే వేస్తారు. అసలు చిక్కంతా ఓడ ఆగిన ఊళ్ళలో ఉంటుంది. ఆ ఆరేడు గంటలలో ఎవరిని ఎక్కడికి తీసుకువెళ్ళాలి, ఎలా వెనక్కు తేవాలి? ఓడవాళ్ళు దీన్ని ‘షోర్ ఎక్స్‌కర్షన్’ అంటారు. మనకు మజిలీ అన్న చక్కని మాట ఉండనే ఉంది.

2024 జూన్‌లో మా కుటుంబం అమెరికాలోని సియాటిల్ రేవులో ఓడ యెక్కి, వారం రోజులు అలాస్కా తీరం చూసి వచ్చింది. మా మామగారికి సహస్ర చంద్ర దర్శనం జరిగిన సంవత్సరమది. సియాటిల్‌లో ఉన్న మా వదినగారు, అంటే మావారి అక్కగారు, “నాన్నగారికి ఓపిక ఉన్నప్పుడే అందరమూ ఒక్కసారి కలిసి తిరగాలి” అని పట్టుబట్టింది. మామగారు, అత్తగారు, అత్తగారి చెల్లెలు, వదినగారి అత్తమామలు, మేము, మా పిల్లలిద్దరు, మా మరిది, తోడికోడలు, వాళ్ళ అయిదేళ్ళ చంటిది, వదినగారు, అన్నయ్యగారు, వాళ్ళ పిల్లలిద్దరు. లెక్కపెడితే పదహారుమంది తేలాము. కాలేజీలో టైమ్‌టేబిలు వేసే అలవాటు ఉన్నదానను గనుక, మజిలీల ఏర్పాటంతా నా నెత్తిన పెట్టారు.

మొదటి పని కాగితాలు. ఊళ్ళ సంగతి ఆ తరువాతే. ఈ ఓడలు చాలావరకు విదేశాలలో రిజిస్టరైనవి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అటువంటి ఓడ ఒక అమెరికా రేవులో జనాన్ని యెక్కించుకొని, తిరిగి అక్కడే దింపాలంటే, నడుమ ఒక పరదేశపు రేవును తాకి తీరాలి. అందుకని సియాటిల్ ఓడలు చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియా దగ్గర ఆగుతాయి. వదినగారి నలుగురూ అమెరికా పౌరులు కనుక వారికి చింత లేదు. మిగిలిన పన్నెండుమందిమీ మన పాస్‌పోర్టుల వాళ్ళము. మాకు కెనడా వీసా కావాలి. పైగా కెనడా తాకి మళ్ళీ అమెరికాలో అడుగుపెడతాము గనుక, అమెరికా వీసా ఒక్కసారి ప్రవేశానికే పనికివచ్చేదైతే చాలదు. ఓడ టిక్కెట్టు కొన్న తరువాత ఈ సంగతి తెలుసుకొని తలపట్టుకొనేవారున్నారు. ముందు వీసాలు, తరువాతే టిక్కెట్లు అని ఈ ఒక్కమాట గుర్తుంచుకొంటే సగం గండం గడిచినట్టే.

కాగితాలు కుదిరిన తరువాత ఇంటిల్లిపాదీ ఫోనులో సమావేశమయ్యాము. పిల్లలు హెలికాప్టరులో మంచుమీద దిగాలన్నారు. వదినగారి మామగారు తిమింగలాలు చూడాలన్నారు. మా తోడికోడలు, “చంటిది నిద్రపోయే వేళ తప్పకుండా ఉంటే చాలు, నన్ను ఎక్కడికి తీసుకుపోయినా సరే” అంది. అత్తగారి చెల్లెలు, మా పిన్నత్తగారు, మోకాళ్ళు రెండూ చూపించి ఊరుకున్నారు. మామగారు మాత్రం ఒక్కటే అడిగారు.

“అక్కడ కొండమీదికి పోయే చిన్నరైలు ఉందటగా? అది చూస్తే చాలు నాకు.”

ఆయన వాల్తేరు డివిజనులో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు.

నేను కాగితం ముందుపెట్టుకొని, “అయితే జట్లుగా విడిపోదాము” అన్నాను. మా అత్తగారికి ఆ మాట నచ్చలేదు.

“విడివిడిగా తిరగడానికైతే ఇంతమందిమి ఇంతదూరం కలిసి పోవడం ఎందుకే?” అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. పెద్ద కుటుంబం ఏ ప్రయాణానికి బయలుదేరినా ఎవరో ఒకరు ఆ మాట అని తీరుతారు. దానికి జవాబు చెప్పకుండా టిక్కెట్లు కొన్నవాళ్ళు రెండో రేవుకే అలకలు చూస్తారు. పదహారుమందీ ఒక్కటిగా నడిస్తే, అందరిలోకీ మెల్లగా నడిచేవారి వేగమే అందరి వేగమూ అవుతుంది. అప్పుడు కుర్రవాళ్ళు విసుక్కొంటారు. తమవల్లనే ఆలస్యమవుతోందని పెద్దవాళ్ళు నొచ్చుకొంటారు, నోరు విప్పి చెప్పరు. పోనీ ఇంటివారీగా విడిపోతే ఒక్కొక్క జట్టులోనూ ఒక ముసలివారూ, ఒక కుర్రవాడూ పడి, అదే చిక్కు నాలుగుచోట్ల మొదలవుతుంది.

అందుకని జట్లు ఇంటివారీగా కాదు, కాళ్ళవారీగా వేశాము. మెల్లగా నడిచేవారు అయిదుగురు. పరుగెత్తే వయసువారు నలుగురు. మధ్యవయసువాళ్ళము, చంటిదానితో కలిపి ఏడుగురము. రేవు రేవుకూ మధ్యవయసువాళ్ళలో ఇద్దరు వంతులవారీగా పెద్దలతో ఉండాలి, ఒకరు పిల్లలతో పోవాలి. ఇక అత్తగారి మాట మన్నించి ఒక నియమం పెట్టుకొన్నాము. మొత్తం ప్రయాణంలో ఒక్కటి మాత్రం పదహారుమందిమీ కలిసే చేయాలి. రాత్రి భోజనం ఒకే బల్లమీద జరగాలి. ఆ ఒక్కటీ ఏమిటన్నదానికి చర్చ అవసరం లేకపోయింది. మామగారి రైలే.

రెండవ నియమం గడియారం. అలాస్కా వేళ సియాటిల్ వేళకు ఒక గంట వెనక. జేబులోని ఫోను తనంతట తాను వేళ మార్చుకొంటుంది. ఓడ వేళ మాత్రం కెప్టెను చెప్పినది. రెండూ ఒకటిగానే ఉన్నాయా అని ఓడ దిగేముందు ప్రతిసారీ చూసుకోవాలి. పైగా ఓడ కదిలే వేళ వేరు, యెక్కవలసిన వేళ వేరు. సాధారణంగా అరగంట ముందే యెక్కాలి. నేను దానికి మరొక గంట ముందు మా వేళ పెట్టాను. మామగారు తన పాత హెచ్.ఎం.టి. గడియారాన్ని ఓడ వేళకు తిప్పుకొని, “ఇక మీ ఫోనులు లోపల పెట్టండి” అన్నారు. ముప్పైయేళ్ళపైన బళ్ళు నడిపించిన మనిషి మాటకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మా మొదటి రేవు జూనో. అలాస్కా రాష్ట్రానికి రాజధాని. అయితే బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ఒకవైపు సముద్రం, మూడువైపులా కొండలూ మంచూ. గవర్నరైనా ఓడలోనో విమానంలోనో రావలసిందే. మేము మధ్యాహ్నం దిగాము. ఓడ రాత్రిదాకా ఉంటుంది. జూన్ నెలలో అక్కడ పదిగంటలదాకా పొద్దుంటుంది గనుక చీకటి భయం లేదు.

దిగీ దిగకముందే పిల్లలకు ఆశాభంగం అయింది. కొండలమీద మబ్బు కమ్ముకోవడంవల్ల హెలికాప్టర్లు ఆ పూట ఎగరవన్నారు. డబ్బు వాపసు ఇచ్చారనుకోండి. కాని పదహారేళ్ళవాడికి డబ్బు వాపసు ఒక ఓదార్పా? అలాస్కాలో గాలిలో ఎగిరే ఏర్పాటు ఏదైనా వాతావరణం దయమీద ఆధారపడినదే. దానినే ఆ రోజుకు దిక్కుగా పెట్టుకోకుండా, పక్కన రెండో ఏర్పాటు ఉంచుకోవాలి.

మా రెండో ఏర్పాటు మెండెన్‌హాల్ హిమానీనదం. ఊరికి సుమారు 20 కిలోమీటర్లు. అనుమతి ఉన్న బళ్ళనే అక్కడికి రానిస్తారు గనుక నెలల ముందే ఒక చిన్నబస్సు పదహారుమందికీ కలిపి మాట్లాడుకొన్నాము. ఇక్కడొక లెక్క ఉంది. ఓడవాళ్ళు తలకింత అని టిక్కెట్టు అమ్ముతారు. బయటివాళ్ళ దగ్గర బండినే మొత్తంగా మాట్లాడుకోవచ్చు. ఇద్దరు ముగ్గురికి ఇది గిట్టదు కాని, పదహారుమందికి చౌకపడుతుంది. దానికి తగ్గ పూచీ కూడా ఉంది. ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే దానికోసం ఓడ ఆగుతుంది. మనం మాట్లాడుకొన్న బండి ఆలస్యమైతే ఆగదు. ఊరికి దగ్గరగా, వ్యవధి ఎక్కువగా ఉన్నచోట సొంత బండి. దూరమైనచోట, వ్యవధి తక్కువైనచోట ఓడవాళ్ళ టిక్కెట్టు. ఇదీ మేము అనుసరించిన పద్ధతి.

మెండెన్‌హాల్ దగ్గర మా కాళ్ళ లెక్క చక్కగా ఫలించింది. అందరిదీ ఒకే బండి, దిగింది ఒకే చోటు. పెద్దలు చదునైన బాటమీద కొద్దిదూరం నడిచి, సరస్సు ఒడ్డున బెంచీలమీద కూర్చున్నారు. పిన్నత్తగారి చక్రాలకుర్చీ అక్కడిదాకా సుఖంగా వచ్చింది. పిల్లలు సరస్సు పక్కగా మైలుదూరం నడిచి, 377 అడుగుల ఎత్తునుంచి దూకే నగెట్ జలపాతం కింద తడిసి వచ్చారు. అందరూ చూసింది ఒకటే మంచు. ఎవరి దూరాన్నుంచి వారు చూశారు.

ఆ మంచు తెల్లగా ఉండదు. లేతనీలం. వందల ఏళ్ళుగా పడిన మంచు తన బరువుకు తానే అణిగి, లోపలి గాలి పోయి గట్టిపడుతుంది. అది వెలుగులోని ఎరుపును మింగి నీలాన్ని వదులుతుందట. ఎదుట ఉన్న సందర్శకుల భవనం 1962లో తెరిచారు. అప్పట్లో హిమానీనదం ఇంకా చేరువలో ఉండేది. ఇప్పుడు నడుమ సరస్సు పరచుకొంది, మంచు దూరంగా కొండమలుపు దగ్గర కనబడుతుంది. అరవైయేళ్ళలో అంత వెనక్కు పోయింది. మామగారు చాలాసేపు అటే చూసి, “మనవళ్ళను ఇప్పుడే తీసుకురావడం మంచిదయింది” అన్నారు. తనను ఇప్పుడు తీసుకురావడం మంచిదయిందని మేమందరం అనుకొంటున్నట్టు ఆయనకు తెలుసునో లేదో!

సాయంకాలం ఓపిక ఉన్న ఎనిమిదిమందిమి తిమింగలాల పడవ యెక్కాము. వదినగారి మామగారు డెబ్బయ్యెనిమిదేళ్ళ వయసులో మా అందరికంటె ముందు యెక్కి కూర్చున్నారు. కాళ్ళలెక్కలో పెద్దల జట్టే గాని, పడవలో కూర్చోవడానికి కాళ్ళతో ఏమి పని? అక్కడి తిమింగలాలు చలికాలంలో హవాయి వెచ్చని నీళ్ళకు పోయి పిల్లలను కని, వేసవిలో ఆకలితో మళ్ళీ అలాస్కాకు వస్తాయి. పుట్టింటికి పోయివచ్చే కోడళ్ళలాగా! ఒకటి మా పడవకు ఎడంగా వీపు పైకెత్తి, తోక నిటారుగా లేపి మునిగింది. ఎవరమూ ఫోటో తీయలేకపోయాము.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర మా అత్తగారి ప్రశ్నకు జవాబు దొరకడం మొదలయింది. పడవ యెక్కనివారికి తిమింగలం సంగతి చెప్పాలి. జలపాతం దాకా నడవనివారికి జలపాతం సంగతి చెప్పాలి. అందరమూ అన్నీ చూసి ఉంటే, చెప్పుకోవడానికి ఏమి మిగిలేది? అత్తగారు ప్రతివారిచేతా చెప్పించుకొని విన్నారు.

మరునాడు స్కాగ్వే. నిండా పన్నెండువందలమంది కాపురముండే ఊరు. 1896లో కెనడాలోని క్లాండైక్ వాగుల్లో బంగారం దొరికింది. మరుసటి వేసవిలో ఆ వార్త సియాటిల్ చేరగానే, సుమారు లక్షమంది ఉన్న ఊరూ ఉద్యోగమూ వదలి బయలుదేరారంటారు. వాళ్ళు కొండలెక్కింది ఇక్కడినుంచీ, పక్కనున్న డయీ నుంచీ. తిండిలేక చస్తారని కెనడా పోలీసులు ఒక సంవత్సరానికి సరిపడ సామాను, అన్నీ కలిపి ఒక టన్ను బరువు, వెంట ఉంటేగాని సరిహద్దు దాటనివ్వలేదు. ఒక మనిషి ఆ టన్ను బరువును వీపుమీద కొద్దికొద్దిగా మోస్తూ, ఆ కొండను ఎన్నిసార్లు యెక్కిదిగాడో ఊహించుకోండి! వైట్ పాస్ దారిలో మూడువేల గుర్రాలు చచ్చాయని చెబుతారు. ఒక లోయకు ఇప్పటికీ చచ్చిన గుర్రాల లోయ అనే పేరు.

ఆ దారినే 1898లో రైలు వేయడం మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. పట్టాల నడుమ మూడే అడుగులు. రేవునుంచి శిఖరానికి 20 మైళ్ళు. ఆ దూరంలో బండి 2,865 అడుగులు యెక్కుతుంది. శిఖరందాకా పోయి, దిగకుండా తిరిగివచ్చే బండి ఒకటి ఉంది. సరిహద్దు దాటి లోపలి ఊళ్ళకు పోయేది మరొకటి. రెండోదానికి పాస్‌పోర్టులూ వీసాలూ చూపాలి. మేము మొదటిది తీసుకొన్నాము. మూడుగంటలలోపే తిరిగి రావచ్చు. పదహారుమందికి ఒకే పెట్టెలో చోటు కావాలన్నా, కుర్చీని పైకెత్తే యంత్రమున్న పెట్టె కావాలన్నా ముందుగా చెప్పి ఉంచాలి. ఆ పూట వెళ్ళి అడిగితే దొరకదు.

పైకి పోయేటప్పుడు ఎడమవైపు లోయలు, జలపాతాలు. కుడివైపు కొండరాయి. శిఖరం దగ్గర కుర్చీల వీపులు తిప్పి, ఇటువారిని అటు కూర్చోమంటారు, తిరుగుదారిలో అందరికీ లోయ కనబడాలని. ఈ ఒక్క సంగతి ముందే తెలిసినందువల్ల మా పిల్లల మధ్య కిటికీ యుద్ధం తప్పింది. 1901లో కట్టి, 1969లో వదిలేసిన ఉక్కువంతెన ఒకటి తుప్పుపట్టి లోయమీద ఇంకా నిలబడి ఉంది. మామగారు దాన్ని చూసినంతసేపు జలపాతాలను చూడలేదు.

ఆ బండిలో కండక్టరు ఒక అమ్మాయి. మా అన్నయ్యగారు ఆవిడతో, ఈ పెద్దాయన రైల్వే గార్డు అని చెప్పారు. ఆవిడ వచ్చి మామగారికి చేయి అందించింది. ఆయన కొంచెం సిగ్గుపడి, తరువాత తన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పసాగారు. శ్రీకాకుళం జిల్లాలో నౌపడా అని స్టేషనుంది, అక్కడినుంచి పర్లాకిమిడికి చిన్నబండి ఉండేది, పట్టాల నడుమ రెండున్నర అడుగులే, మీ బండికంటె చిన్నది, అదీ 1900లోనే మొదలయింది, నేను కుర్రతనంలో దానిమీద పనిచేశాను, అని.

“ఆ బండి ఇంకా నడుస్తోందా?” అని అడిగింది ఆ అమ్మాయి.

“బండి నడుస్తోంది. చిన్నబండి లేదు. బ్రాడ్‌గేజి చేశారు” అన్నారాయన.

తరువాత మావైపు తిరిగి తెలుగులో, “ఎత్తు సంగతి మాత్రం చెప్పలేదురా. మన అరకు దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్లు. ఈ కొండ దానికి చాలదు. పాపం, ఆ పిల్ల చిన్నబుచ్చుకొంటుందని ఊరుకొన్నాను” అన్నారు. పెట్టెలో మా వాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వులో పదహారుమందీ ఉండాలనే ఆ టిక్కెట్లకోసం నాలుగునెలల ముందునుంచి తంటాలు పడ్డాము.

సాయంత్రం ఓడ పైఅంతస్తునుంచి చూస్తున్నాము. మెట్లు తీసే వేళకు రేవుమీద ఒక జంట సంచులతో పరుగెత్తుకొస్తోంది. పైనున్న వందలమందీ చప్పట్లు కొడుతూ వాళ్ళను తొందరపెట్టారు. ఎలాగో యెక్కారు. మామగారు చప్పట్లు కొట్టలేదు. గడియారం చూసుకొని తల ఆడించారు.

మూడవ మజిలీలో దిగేపనే లేదు. అది గ్లేసియర్ బే. రోజుకు రెండు పెద్ద ఓడలకు మించి రానివ్వరు. 1794లో ఇంగ్లీషు నావికులు చూసినప్పుడు ఆ అఖాతం నోటిదాకా మంచుగోడ ఉండేది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి అది నలభైమైళ్ళకు పైగా వెనక్కు పోయింది. ఇప్పుడు ఓడ అరవైమైళ్ళు పైగా లోపలికి పోతుంది. మార్జరీ అనే హిమానీనదం ఎదుట ఓడ నిలబడి మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. మంచుగోడ నీటిమీద 250 అడుగులు. ఉండి ఉండి ఒక ముక్క విరిగి పడుతుంది. ముందు పడడం కనిపిస్తుంది, ఉరుము తరువాత వినిపిస్తుంది. పెద్దలను కంబళ్ళతో పైఅంతస్తులో కూర్చోబెట్టాము. కాళ్ళతో నిమిత్తం లేని రోజు అది. దారి ఎంచుకొనేటప్పుడే ఇటువంటి రోజు ఒకటి నడుమ ఉండేలా చూసుకొంటే, వృద్ధులకూ చంటిపిల్లలకూ అదే విశ్రాంతి.

కెచికన్‌లో ఓడ ఉదయం ఏడుకు ఆగి మధ్యాహ్నం ఒంటిగంటకే పోతుంది. వ్యవధి తక్కువ గనుక ఓడవాళ్ళ టిక్కెట్లే కొన్నాము. అక్కడ ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన పడుతుంది. మా విశాఖకు మూడింతలు. గొడుగులకంటె వానకోట్లు మేలు, చేతులు ఖాళీగా ఉంటాయి, పెద్దలను పట్టుకోవచ్చు.

అక్కడ చూడవలసినవి టోటెం స్తంభాలు. దేవదారు మానును నిలువునా చెక్కి కాకి, గద్ద, ఎలుగుబంటి ఒకదానిమీద ఒకటి నిలిపినవి. అవి దేవుళ్ళు కారు, పూజ లేదు. వంశచరిత్రలు. అక్కడి ట్లింగిట్ జాతివారు కాకివారనీ, గద్దవారనీ రెండు శాఖలు. కాకివారు కాకివారిని పెళ్ళాడకూడదు, గద్దవారినే పెళ్ళాడాలి. పిల్లలు తల్లి శాఖకు చెందుతారు. ఇది వినగానే వదినగారి అత్తగారు, “సగోత్రం కూడదన్నమాట!” అని తేల్చేశారు.

ఊరికి రెండుమైళ్ళపైన ఉన్న సాక్స్‌మన్‌లో ఒక స్తంభం మా పెద్దలకు మరీ నచ్చింది. అమెరికా 1867లో అలాస్కాను రష్యానుంచి 72 లక్షల డాలర్లకు కొన్నప్పుడు ఆ బేరం నడిపిన మంత్రి విలియం సీవార్డ్. 1869లో ఆయన ఇటు వస్తే అక్కడి పెద్ద ఒకరు విందుచేసి కానుకలిచ్చారు. ఆచారం ప్రకారం తిరిగి విందుచేసి కానుకలు పెట్టాలి. ఆయన పెట్టలేదు. అంతే, ఆయన బొమ్మ చెక్కి, ముక్కుకూ చెవులకూ ఎర్రరంగు పూసి, పరువు తీసే స్తంభమొకటి నిలబెట్టారు. పెట్టుపోతల బాకీ అమెరికా మంత్రినైనా వదలలేదు! మా అత్తగారూ, వియ్యపురాలూ ఒకరినొకరు చూసుకొని నవ్వుకొన్నారు. ఏ బాకీ జ్ఞాపకం వచ్చిందో నేను అడగలేదు.

పిల్లలూ, మావారూ అడవిబాటలో నడవడానికి పోయి, చెప్పిన వేళకు పది నిమిషాలముందే తిరిగి వచ్చారు. గార్డుగారి మనవళ్ళు గదా!

చివరి సాయంత్రం విక్టోరియా. ఏ ఊరికోసం పన్నెండు వీసాలు సంపాదించడానికి నెలలు పట్టిందో, ఆ ఊళ్ళో దిగింది మాలో అయిదుగురే. సున్నపురాయి తవ్వేసిన గొయ్యిని వందేళ్ళకు పైబడి పూలతోటగా పెంచుతున్న బుచార్ట్ తోటకు పోయివచ్చాము. మిగిలినవారు అలసిపోయి ఓడలోనే ఉన్నారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. ప్రతి రేవుకూ టిక్కెట్టు కొని తీరాలన్న నియమమేమీ లేదు. చివరి రేవును ఖాళీగా వదలడం కూడా ఏర్పాటులో భాగమే.

ఖర్చుల సంగతి ఒక్కమాట. సమష్టి బళ్ళ ఖర్చు పెద్దవాళ్ళను విడిచి, సంపాదించే మూడిళ్ళవాళ్ళము సమంగా పంచుకొన్నాము. ఎవరికి వారు కోరి వెళ్ళినవి వారి ఖాతా. ఒక నోటుపుస్తకంలో ఏ రోజు జమాఖర్చు ఆ రోజే రాశాము. రాత్రి భోజనానికి ముందే లెక్క తేల్చాము. భోజనం దగ్గర లెక్కలు మాట్లాడలేదు.

ఈ ఏర్పాట్లన్నీ అలాస్కాకే అక్కర లేదు. 2023 సెప్టెంబరులో మా విశాఖరేవులోనే విహారనౌకల టెర్మినల్ ప్రారంభించారు. అంతదూరం ఎందుకు, ముసలివారినీ పసివారినీ వెంటబెట్టుకొని పాపికొండల లాంచీ యెక్కినా లెక్క ఇదే. ఊళ్ళ జాబితా రాయడానికి ముందు, వచ్చేవారి కాళ్ళ జాబితా రాయండి. అందరూ కలిసి చేసేది ఒక్కటి ఎంచి, దాన్ని మాత్రం ఎవరికోసమూ మార్చకండి. మిగిలినదంతా ఎవరి ఓపికకు తగ్గట్టు వారిని తిరగనివ్వండి. రాత్రి బల్ల దగ్గర అందరి కుర్చీలూ నిండాయా అని మాత్రం లెక్కపెట్టుకోండి.

మా బల్ల దగ్గర ఆ వారం రోజులూ పదహారు కుర్చీలూ నిండాయి. తిరిగివచ్చిన తరువాత మా అత్తగారు ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు. ఈసారి ఎక్కడికి అని అడిగారు.